అమ్మకు పీఎంఈ ఎప్పుడు?

మన బెల్లంపల్లి బస్తీల్లో పీఎంఈ అంటే తెలియని ఇల్లు ఉండదు. పీరియాడికల్ మెడికల్ ఎగ్జామినేషన్ అన్న పూర్తి పేరు తెలియకపోయినా "నాయినకు పీఎంఈ వచ్చింది, దవాఖానకు పోవాలె" అన్న మాట చిన్నప్పటి నుండి వింటూ పెరిగాం. బాయి పని చేసే మనిషికి ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, చూపు, వినికిడి, బీపీ చూస్తారు, ఊపిరి ఊదించి కొలుస్తారు. ఐదేళ్ళకు మించకుండా ఒకసారి ఈ పరీక్ష జరగాలని 1955 నాటి మైన్స్ రూల్స్ పద్ధతి పెట్టాయి. ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. జబ్బు పడినవాణ్ణి పిలవరు. బాగానే ఉన్నానని డ్యూటీకి పోతున్న మనిషినే పిలిచి చూస్తారు. జబ్బు తనంతట తాను బయటపడే దాకా ఆగకుండా మనమే వెళ్ళి వెదకడం అన్నమాట.

మరి అదే ఇంట్లో తెల్లవారకముందే లేచి, ఫస్టు షిఫ్టుకు క్యారియర్ కట్టి, పిల్లల్ని బడికి తోలి, ఆ తర్వాత తాను తినే అమ్మను ఎవరు పిలిచి చూస్తున్నారు? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. మేము ఈ హాస్టల్ అన్నం తిని చదువుకుని ఇప్పుడు పీజీలో ఉన్నవాళ్ళం. మాలో ఎక్కువ మంది ఇళ్ళలో మొదటి డిగ్రీ మాదే. మేము డాక్టర్లం కాము. అయితే వార్షికోత్సవ సంచికకు ఏం రాయాలని కూర్చున్నప్పుడు, మన ఇళ్ళకు పనికివచ్చేది ఒక్కటైనా రాద్దామనిపించి రొమ్ము క్యాన్సర్ గురించి రాస్తున్నాం. మగపిల్లల హాస్టల్ సంచికలో ఈ విషయమేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. దవాఖానలో ఇచ్చిన రిపోర్టు చదవగలిగేది మన ఇళ్ళలో చాలాచోట్ల మనమే కదా!

మన దేశంలో ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తున్నది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం లెక్క ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆ ఏడాదే 98,000 మందికి పైగా ఈ జబ్బుతో చనిపోయారు. అంటే ఇద్దరికి కొత్తగా జబ్బు బయటపడుతుంటే అటు ఒకరు పోతున్నారు. ధనిక దేశాల్లో పరిస్థితి ఇంత చెడ్డగా లేదు. ఇది పట్నం వాళ్ళ జబ్బు అనుకోవడం కూడా ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. 2020లో వచ్చిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో హైదరాబాదు జిల్లాలో లక్ష మంది ఆడవాళ్ళకు ఏడాదికి 48 మంది చొప్పున ఈ జబ్బు నమోదైంది. దేశంలో రిజిస్ట్రీలున్న ప్రాంతాలన్నిటిలో అదే ఎక్కువ. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో రేటు తక్కువే. కాని జబ్బు వచ్చినవాళ్ళు ఆసుపత్రి చేరేది ఆలస్యంగా. అసలు కథ అక్కడుంది.

ఆలస్యం ఖరీదెంతో చూడండి. దేశంలోని 11 రిజిస్ట్రీల నుండి 2012–2015 మధ్య జబ్బు తేలిన 17,948 మంది ఆడవాళ్ళ వివరాలు తీసుకుని చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. గడ్డ రొమ్ములోనే ఉన్నప్పుడు దొరికినవాళ్ళలో ఐదేళ్ళ తర్వాత నూటికి 81 మంది బతికి ఉన్నారు. చంకలోని గ్రంథులకు, చుట్టుపక్కలకు పాకిన తర్వాత దొరికితే 65 మంది. ఎముకలకో, కాలేయానికో, ఊపిరితిత్తులకో పోయిన తర్వాత అయితే 18 మంది. జబ్బు ఒకటే, మందులూ దాదాపు అవే. తేడా అంతా ఏ రోజున డాక్టరు ముందు కూర్చున్నారన్న దానిలో ఉంది.

ఎందుకు ఆలస్యమవుతుంది అంటే చదువు లేక అని ఒక్క మాటలో తేల్చేస్తారు. మేము దాన్ని ఒప్పుకోము. మొదటి కారణం ఆ గడ్డ గుణమే. అది చాలావరకు నొప్పి పెట్టదు. పంటి నొప్పి వస్తే అర్ధరాత్రైనా లేచి కూర్చుంటాం. నొప్పి లేని గడ్డ కోసం ఒకరోజు కూలి వదులుకుని, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి దవాఖానకు ఎవరు పోతారు? "నొప్పి లేదు బిడ్డా, గదేం గాదు" అనే మాట మన తల్లులందరిదీ. నిజానికి ఇక్కడ నొప్పి లేకపోవడమే పట్టించుకోవలసిన సంగతి. రెండోది సిగ్గు. కడుపునొప్పి అంటే కొడుకుతో చెప్తారు, ఇది చెప్పరు. మూడోది, చెప్పుకున్నా మొదట చూసేది ఎవరన్నది. బస్తీ ఆర్‌ఎంపీ నొప్పి గోళీలు ఇస్తాడు, ఇంకొకరు పాలగడ్డ అని పసరు కడతారు. నెల తిరిగేసరికి గడ్డ అలాగే ఉంటుంది. నొప్పి మాత్రం లేదు కదా అని ఇంకో నెల. ఇట్లా ఆరు నెలలు గడిచిపోవడం పెద్ద పని కాదు.

బొగ్గు దుమ్ము వల్ల వస్తుందా అని మమ్మల్ని అడిగినవాళ్ళున్నారు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, అది వేరే సంగతి. రొమ్ము క్యాన్సర్‌కు అది కారణమని తేలలేదు. వయసు పెరగడం, మొదటి కాన్పు ఆలస్యం కావడం లేదా పిల్లలు లేకపోవడం, బిడ్డకు పాలివ్వకపోవడం, ముట్లుడిగాక ఒళ్ళు పెరగడం, మద్యం, దగ్గరి రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఉండడం అవకాశాన్ని పెంచుతాయి. ఇవేవీ లేనివాళ్ళకూ వస్తుంది. మన దేశంలో పాశ్చాత్య దేశాలకన్నా సుమారు పదేళ్ళ ముందుగా, నలభైలలో, యాభైలలోనే ఎక్కువ మందికి కనిపిస్తున్నది. నూటికి ఒకరు చొప్పున మగవాళ్ళకూ వస్తుంది. ఒకరి నుండి ఒకరికి అంటదు. కంచం, మంచం వేరు చేయవలసిన పని లేదు.

ఏం చూసుకోవాలి? రొమ్ములో గాని చంకలో గాని కొత్తగా చేతికి తగిలే గట్టి గడ్డ, చర్మం ఒకచోట లోపలికి గుంజుకుపోవడం, బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా కావడం, బయటికి ఉన్న చనుమొన కొత్తగా లోపలికి పోవడం, దాని నుండి రక్తం కారడం, మానని పుండు. వీటిలో ఏది కనిపించినా చూపించుకోవాలి. ఒక ధైర్యం మాట కూడా చెప్పాలి. చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. వయసులో ఉన్న ఆడపిల్లల్లో కనిపించే జారుడు గడ్డలు చాలావరకు ఫైబ్రోఅడినోమాలు, వాటితో ప్రాణభయం లేదు. కాని ఏది ఏదో వేలితో తాకి మనం చెప్పలేం.

అద్దం ముందు నిలబడి ఎవరికి వారే పరీక్షించుకోవాలని పోస్టర్లలో చూస్తుంటాం. తన ఒంటి సంగతి తనకు తెలిసి ఉండడం మంచిదే. అయితే అదొక్కటే చాలదని తేల్చిన పెద్ద పరిశోధన ఒకటుంది. చైనాలోని షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే సుమారు 2,66,000 మంది ఆడవాళ్ళతో అది జరిగింది. సగం మందికి స్వయం పరీక్ష శ్రద్ధగా నేర్పారు. 2002లో వచ్చిన ఫలితం ప్రకారం నేర్చుకున్నవాళ్ళలోను నేర్వనివాళ్ళలోను మరణాలు ఒకేలా ఉన్నాయి. మన దేశంలో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళు ఇంకో దారి పట్టారు. 1998లో మొదలుపెట్టి, బస్తీల్లో ఉండే 35–64 ఏళ్ళ ఆడవాళ్ళు సుమారు 1,51,000 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపులోని వాళ్ళకు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. వాళ్ళు డాక్టర్లు కారు, మెషిన్లూ లేవు. ఇరవై ఏళ్ళ తర్వాత 2021లో ఫలితాలు ప్రకటించారు. పరీక్ష చేసిన గుంపులో జబ్బు ముందు దశలోనే దొరికింది. యాభై దాటినవాళ్ళలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపువాళ్ళలో మాత్రం మరణాల్లో అంత తేడా కనపడలేదు. ఈ రెండో మాట కూడా చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. అయినా మనలాంటి దేశానికి ఇది చిన్న విషయం కాదు. కోట్ల రూపాయల మామోగ్రఫీ యంత్రాలు ప్రతి ఊరికీ రావాలంటే ఎన్ని ఏళ్ళు పడుతుందో! శిక్షణ పొందిన చేయి మాత్రం సబ్‌సెంటర్ దాకా రాగలదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. అమ్మకు పీఎంఈ కాగితం మీద ఉంది. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ముప్పై ఏళ్ళు నిండిన ప్రతి స్త్రీకీ ఐదేళ్ళకోసారి ఏఎన్ఎం గాని, స్టాఫ్ నర్సు గాని, డాక్టరు గాని రొమ్ము పరీక్ష చేయాలి. దానితోపాటు నోరు, గర్భాశయ ముఖద్వారం కూడా చూడాలి. బాయి మనిషికి పెట్టిన గడువూ ఐదేళ్ళే, ఇదీ ఐదేళ్ళే! తేడా ఏమిటంటే అక్కడ పీఎంఈ తప్పితే డ్యూటీ ఆగుతుంది కాబట్టి కంపెనీయే వెంటపడుతుంది. ఇక్కడ తప్పితే ఎవరికీ ఏమీ ఆగదు. వంట ఆగదు, నీళ్ళు తేవడం ఆగదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్ళ ఆడవాళ్ళను జీవితంలో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నారా అని అడిగారు. దేశం మొత్తం మీద అవునన్నవాళ్ళు 0.9 శాతం. నూటికి ఒకరు కూడా లేరు! మన రాష్ట్రంలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ అన్న పథకం మొదలైంది. మంగళవారం నాడు ఎంపిక చేసిన ఆరోగ్య కేంద్రాల్లో ఆడవాళ్ళకు ఆడ డాక్టర్లు, సిబ్బందే పరీక్షలు చేసే ఏర్పాటు అది. క్యాన్సర్ పరీక్ష అందులో ఒక భాగం. ఇంటికి పోయినప్పుడు బస్తీ ఆశా అక్కను ఒక్క ప్రశ్న అడగండి: "మా అమ్మకు రొమ్ము పరీక్ష ఎప్పుడు, ఎక్కడ చేస్తారక్కా?" అడిగేవాళ్ళుంటేనే పథకం కాగితం మీది నుండి దిగి వస్తుంది.

గడ్డ ఉందని తేలితే ఏం చేయాలన్నది ఇక కాస్త నిదానంగా చెప్పుకోవాలి. మన దగ్గర ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. పద్ధతి ప్రకారం మూడు పరీక్షలు కావాలి. డాక్టరు చేతితో చూడడం ఒకటి, ఫొటో తీయడం రెండు, సూదితో ముక్క తీసి చూడడం మూడు. ఫొటో అంటే నలభై దాటినవాళ్ళకు సాధారణంగా మామోగ్రామ్, వయసు తక్కువవాళ్ళకు అల్ట్రాసౌండు. మూడోది బయాప్సీ. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందని భయపెట్టేవాళ్ళుంటారు. అది అబద్ధం. బయాప్సీ లేకుండా ఏ క్యాన్సర్ డాక్టరూ వైద్యం మొదలుపెట్టడు. దీనికి తిరగబడిన తప్పు ఇంకోటి జరుగుతుంటుంది. చిన్న గడ్డే కదా అని ఏదో నర్సింగ్‌హోములో ముందే కోసి తీసేసి, ఆ ముక్కను పరీక్షకు కూడా పంపకుండా పారేస్తారు. తర్వాత గడ్డ మళ్ళీ వస్తే అసలు అదేమిటో, ఎంత ఉండెనో చెప్పే ఆధారమే ఉండదు. కాబట్టి ముందు సూది, తర్వాతే కత్తి. కోసి తీసిన ఏ ముక్కనైనా ల్యాబుకు పంపారా అని అడిగి, ఆ రిపోర్టు చేతిలో పెట్టుకోవాలి.

రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో అందరూ మన మొహం చూస్తారు. మామోగ్రామ్ రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 1, 2 అయితే భయం లేదు. 3 అయితే కొన్ని నెలల్లో మళ్ళీ చూడాలి. 4, 5 అయితే బయాప్సీ తప్పదు. సున్నా అంటే ఏమీ లేదని కాదు, ఇంకా ఫొటోలు కావాలని. బయాప్సీ రిపోర్టులో బెనైన్ అంటే క్యాన్సర్ కాదు, మాలిగ్నెంట్ లేదా కార్సినోమా అంటే క్యాన్సర్. అక్కడే గ్రేడు అని 1 నుండి 3 దాకా రాస్తారు. గ్రేడు 3 అని చూడగానే "మూడో స్టేజీ అట" అని ఇల్లంతా ఏడుపు మొదలవుతుంది. గ్రేడు వేరు, స్టేజీ వేరు. కణాలు సూక్ష్మదర్శినిలో ఎంత వికారంగా ఉన్నాయి, ఎంత వేగంగా పెరిగే రకం అన్నది గ్రేడు. జబ్బు ఒంట్లో ఎంత దూరం పాకిందన్నది స్టేజీ, అది స్కానింగులు అయ్యాక తేలుతుంది. గ్రేడు 3 ఉండి మొదటి స్టేజీలో ఉన్నవాళ్ళూ ఉంటారు.

తర్వాత మూడు పేర్లుంటాయి: ఈఆర్, పీఆర్, హర్-2. ఈ మూడింటి మీదనే వైద్యం నడుస్తుంది. ఈఆర్, పీఆర్ పాజిటివ్ అంటే ఆ గడ్డ ఆడ హార్మోన్ల ఆసరాతో పెరుగుతున్నదని అర్థం. పాజిటివ్ అన్న మాట చూసి జడుసుకోవద్దు, ఇక్కడ అది మంచి కబురే. హార్మోన్‌ను అడ్డుకునే గోళీలు పనిచేస్తాయి. హర్-2కు 0 నుండి 3 ప్లస్ దాకా రాస్తారు. 3 ప్లస్ అయితే పాజిటివ్. 2 ప్లస్ అయితే ఫిష్ అనే ఇంకో పరీక్ష చేసి తేల్చుకోవాలి. పాజిటివ్ వాళ్ళకు ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. మూడు వారాలకొకటి చొప్పున సుమారు ఏడాది ఇస్తారు. ఒకప్పుడు అది మనలాంటివాళ్ళు పేరు కూడా తలవలేని ధరలో ఉండేది. 2014లో మన దేశంలో తయారైన రకం బజారులోకి వచ్చాక ధర తగ్గింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మూడూ నెగెటివ్ అయితే ట్రిపుల్ నెగెటివ్ అంటారు. దానికి హార్మోన్ గోళీలు పనిచేయవు, కీమో ముఖ్యమవుతుంది.

ఎక్కడికి పోవాలి? మన బెల్టులో ఇళ్ళు రెండు రకాలు. పర్మినెంటు కార్మికుని ఇల్లయితే కంపెనీ మెడికల్ బుక్కు ఉంటుంది. బెల్లంపల్లి, రామకృష్ణాపూర్, గోదావరిఖనిలోని కంపెనీ ఏరియా ఆసుపత్రుల్లో చూపించుకుంటే అవసరాన్ని బట్టి హైదరాబాదుకు రెఫర్ చేస్తారు. కాని 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి పర్మినెంటు కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు. ఆ వాడకట్టులోనే కాంట్రాక్టు కార్మికుని ఇల్లు, గోల్డెన్ షేక్‌హ్యాండ్ తీసుకున్న తాత ఇల్లు, ఆటో నడిపే అన్న ఇల్లు ఉన్నాయి. వాళ్ళకు దారి ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైన ఈ పథకంలో క్యాన్సర్ ఆపరేషను, కీమో, రేడియేషను మొదటి నుండీ ఉన్నాయి. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి పరిమితి 10 లక్షలు. రేషను కార్డు, ఆధార్ పట్టుకుని ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి పోవాలి. ఇక్కడొక చిక్కుంది. జబ్బు ఫలానా అని తేలితేనే పథకం కదులుతుంది. తేలేదాకా బయట చేయించే స్కానింగులకు, బయాప్సీకి చేతి డబ్బు పెట్టి, అక్కడే అప్పులపాలై ఆగిపోయేవాళ్ళున్నారు. అందుకని అనుమానం ఉన్నప్పుడే మంచిర్యాల ప్రభుత్వ ఆసుపత్రికో, నేరుగా హైదరాబాదు ఎంఎన్‌జె ఆసుపత్రికో పోవడం మేలు. రెడ్‌హిల్స్‌లో, లక్డీకాపూల్‌కు దగ్గరలో ఉన్న ఎంఎన్‌జె 1955లో మొదలైన ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి. మెహ్దీ నవాజ్ జంగ్ పేరు మీద ఉంది.

బెల్లంపల్లి నుండి హైదరాబాదు సుమారు 250 కిలోమీటర్లు. పొద్దున భాగ్యనగర్ ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగేసరికి ఓపీ అయిపోతుంది. అంటే రాత్రి అక్కడే ఉండాలి. వెంట పోయినవాళ్ళకు మస్టర్లు పోతాయి, కూలివాళ్ళకు కూలి పోతుంది. వైద్యం ఉచితమే అయినా జబ్బు ఉచితం కాదు. చాలామందికి తెలియని ఒక సౌకర్యం రైల్వేలో ఉంది. క్యాన్సర్ వైద్యానికి పోయేవాళ్ళకు స్లీపరులో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు పోయే ఒకరికి 75 శాతం రాయితీ. మామూలు సెకండ్ క్లాసులో ఇద్దరికీ 75 శాతం. ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్ర ఉన్న నిర్ణీత ఫారం కౌంటరులో చూపించాలి. మొదటిసారి పోయినప్పుడే ఆ ఫారం రాయించుకుంటే తర్వాతి ప్రయాణాలకు పనికొస్తుంది.

వైద్యం గురించి భయాలే ఎక్కువ. రొమ్ము మొత్తం తీసేస్తారని విని ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళున్నారు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే పోతే చాలామందికి ఆ అవసరం రాదు. గడ్డ వరకే తీసి రేడియేషను ఇచ్చినా, మొత్తం తీసినా బతికే కాలంలో తేడా లేదని ఇటలీలో వెరోనేసి, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ 1970లలో మొదలుపెట్టిన పరిశోధనల్లో తేలింది. వాటి ఇరవై ఏళ్ళ ఫలితాలు 2002లో వచ్చాయి. కీమోకు జుట్టు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది. రేడియేషన్‌ను మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారు. అందులో షాకు ఉండదు, కొలిమి ఉండదు, ఎక్స్‌రే తీయించుకున్నట్టే కొన్ని నిమిషాలు పడుకోవాలి. ఇదివరకు ఐదు వారాలు పట్టేది, ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లో ముగిస్తున్నారు. అన్ని రోజులు పట్నంలో ఎక్కడుండాలన్నదే అసలు కష్టం. కీమో అయినా జిల్లాలోనే ఎక్కించుకునే వీలుండాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో మూడేళ్ళలో డే కేర్ క్యాన్సర్ కేంద్రం పెడతామని 2025–26 కేంద్ర బడ్జెట్లో చెప్పారు. మన జిల్లాలో అది ఎంతవరకు వచ్చిందో ఆసుపత్రికి పోయినప్పుడల్లా అడుగుతుండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దేశాలకు మూడు కొలతలు పెట్టింది. రొమ్ము క్యాన్సర్లలో నూటికి 60 మొదటి రెండు స్టేజీల్లోనే దొరకాలి. మొదటిసారి చూపించుకున్న నాటి నుండి 60 రోజుల్లో జబ్బు ఏదో తేలాలి. వైద్యం మొదలుపెట్టినవాళ్ళలో 80 శాతం మంది దాన్ని చివరిదాకా పూర్తి చేయాలి. మొదటిది ఏఎన్ఎం చేతిలో, రెండోది దవాఖానల చేతిలో ఉన్నాయి. మూడోదానిలో ఇంట్లోవాళ్ళ పాత్ర చాలా ఉంది. మూడు కీమోలు అయ్యేసరికి గడ్డ కరిగిపోతుంది, "తక్కువైంది కదా" అని మానేస్తారు. మిగిలింది కంటికి కనపడదు, కాని పోలేదు. కాబట్టి ఒక ప్లాస్టిక్ కవరులో రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టి, తర్వాతి తేదీ పైన పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. బయాప్సీ అద్దాలు, దిమ్మెలు ల్యాబు నుండి అడిగి తెచ్చుకుని దాచండి, ఇంకో ఆసుపత్రికి పోతే అవి అడుగుతారు.

హార్మోన్ గోళీల సంగతి ఇంకా నిదానమైంది. టామాక్సిఫెన్ చవకైన మందు. రోజుకు ఒకటి, కనీసం ఐదేళ్ళు. నొప్పి లేదు, గడ్డ లేదు, జుట్టు కూడా వచ్చేసింది, ఇంకా ఎందుకీ గోళీ అని రెండో ఏడు మానేసేవాళ్ళు ఎక్కువ. ఐదేళ్ళంటే ఇప్పుడు ఈ హాస్టల్లో ఎనిమిదో తరగతి చదివే తమ్ముడు డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరే దాకా. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఆ గోళీల అట్ట ఒకసారి తీసి లెక్క చూడండి.